ఒకవైపు ఉత్తరాలు

తుంగభద్ర ఊర్లోకి వచ్చి పోయిన పదోనాడు
సుంకన్న సారు రిక్షాలో ఒక గోతం తెచ్చినాడు.
గోతంలో బురద, బురదలో పుస్తకాలు.
"రమీజమ్మా, బతికేవి ఏవో నువ్వే చెప్పల్ల,"
ఆసుపత్రి వరండాలో నిలబడినట్టు నిలబడినాడు.

నా అంగడి గోడ మీద నీళ్లు గీసిన గీత
నా తలకంటే మూరెడు పైన ఉంది అప్పటికి.
శికంజా మర తుప్పు గీకి,
మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపి
పాతబస్తీలో అందరికంటే ముందు నేనే తలుపు తీసినా.

బతికినవాట్లో లావుది ఒకటి.
ఐర్లండు రచయిత ఎవరో రాసిన ఉత్తరాలంట.
నాకు ఇంగ్లీషు రాదు.
ఏ దారం తెగింది, ఏ మడత వదిలింది,
అంతవరకే ఆ పుస్తకంలో నా చదువు.

నేను కుట్లు విప్పుతా ఉంటే
సారు స్టూలు మీద కూచోని చెప్పేవాడు:
"ఈయన ఊరు ఇడిసి పోయినాడు,
పోయి ఆ ఊరి గురించే రాసినాడు.
అద్దె కట్టిన స్నేహితునికి ఒక జాబు,
అది చాల్లేదని ఇంకో జాబు.
టైపు కొట్టిచ్చిన ఆమెతో కామాల కోసం కొట్లాట.
'నీ రాత అర్థం కాలేదు' అన్న మిత్రునితో
మూడేండ్లు మాట ల్యా.
ఆమీట ఒకటే ముక్క:
ఇక్కడ చలిగా ఉంది, నువ్వెట్లున్నావు?"

"ఆ మిత్రుడు ఏమన్నాడు సార్?"

"అది ఇందులో ఉండదమ్మా.
ఇదంతా ఈయన గొంతే."

బస్సులో పక్కసీటాయన
ఫోనులో మాట్లాడుతుంటే విన్నట్టు అన్నమాట,
ఏడ్చినాడో, నవ్వినాడో అవతలోడు.

నడుమ ఒకచోట పేజీలు విడల్యా.
ఆవిరి పట్టి, కత్తి వెనకవైపుతో మెల్లగా లేపితే
లోపల తెలుగు.
నీలం ఇన్‌లాండు కవరు. సిరా కారి
ఐర్లండాయన మాటల మీద తిరగబడి అచ్చుపడింది.
చేతి అద్దం పెట్టి చదివినా:

*సుంకన్నా, ఆదోనిలో పత్తి ధర పడిపోయింది.
నా కత ఎవురూ వేసుకోల్యా.
నువ్వయినా చదువు.*
హంపయ్య.

సారు కండ్లద్దాలు తుడుచుకున్నాడు,
తుడిచినవే మళ్లా తుడిచినాడు.
"జిన్నింగు మిల్లులో లెక్కలు రాసేవాడు.
వాని కతలో మనిషి పొద్దున గేటుకాడ నిలబడితే
పొద్దుగూకినా గేటుకాడే.
తలకాయలో మాత్రం ఊరంతా తిరుగుతాడు.
నాకు అర్థం కాలేదని కార్డు రాసినా.
నేను! ఈ ఐర్లండాయన్ను
ముప్పై ఏండ్లు క్లాసులో చెప్పినోన్ని."

పదకొండేండ్లు అయిందంట.

గోతం అడుగున ఇంకా ఉన్నాయి హంపయ్య జాబులు,
మొత్తం నలభైమూడు.
అన్నీ ఆరబెట్టి, వరస పెట్టి,
జాబుకూ జాబుకూ నడుమ
ఒక తెల్లకాగితం వేసి కుట్టినా.

"ఇదేందమ్మా?"
"మీ జవాబులకు సార్. అవి ఆయన దగ్గరే కదా ఉండేది."
"ఖర్చు ఎక్కువైతాది" అన్నాడు సారు
గోడ మీది నీళ్ల గీతకల్లా చూస్తా.

ఆ రాత్రి నేనే కార్డు రాసినా.
కార్వాన్‌పేట అడ్రసు ఇన్‌లాండు మీద చెరగల్యా.
నేను రాసిన మొదటి జాబు అది,
రాయడానికంటే తుడవడానికే ఎక్కువసేపు పట్టింది.

పన్నెండోరోజు జవాబు వచ్చింది.
లెక్కలు రాసిన చెయ్యి, ఒక్క అక్షరమూ వంగల్యా:

*తల్లీ,
మాకు యేరు రాల్యా, చెదలు వచ్చినాయి.
ఆయన జాబులన్నీ తినిపోయినాయి.
మిగిలింది ఒకటే కార్డు, ఏ కార్డో నీకు తెలుసు.
తెల్లకాగితాలు ఎన్ని వదిలినావు?*

సారుకు ఇంకా చెప్పల్యా.
శికంజా మర వదులు చేసి
మళ్లా లెక్కబెడతా ఉన్నా.